విమానం వీపు మీద ఊరేగింపు

ధారావాహిక – 14వ భాగం

గత భాగం 2011 జూలై 21 తెల్లవారుజామున ఆగింది. అట్లాంటిస్ ఫ్లోరిడా రన్‌వే మీద దిగి నిలబడగానే, ముప్పై ఏళ్ళలో 135 ప్రయాణాలు చేసిన స్పేస్ షటిల్ కార్యక్రమం ముగిసింది. షటిల్ చరిత్ర రాసినవాళ్ళు చాలామంది పుస్తకాన్ని కూడా అక్కడే మూసేస్తారు. నాకది న్యాయమనిపించదు. ప్రయోగాలు చూసే భాగ్యం ఫ్లోరిడా తీరం దాకా వెళ్ళగలిగినవాళ్ళది. కక్ష్యలో తిరిగే నౌక నేల మీది నుంచి చూస్తే కదిలే చుక్క. ఆఫీసుకో బడికో పోతూ దారిలో తలెత్తి, ఆ నౌకను ముక్కు, తోక, ఒంటి మీది పేరుతో సహా మామూలు జనం చూసింది కార్యక్రమం అయిపోయాకే, 2012లో. అదీ రాకెట్ మంట మీద కాదు, ఒక పాత ప్రయాణికుల విమానం వీపు మీద.

ఆ ఏడాది సెప్టెంబర్ 21, శుక్రవారం నాడు కాలిఫోర్నియాలోని మాఫెట్ ఫీల్డ్‌లో తలెత్తి నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఫొటోలు తీయడం నా వృత్తి కాదు, సెలవురోజు పిచ్చి. ఆ పూట సంగతి చెబుతాను. అయితే ముందు ఆ విమానం కథ తెలియాలి. ఆ రోజు తీసిన ఫొటోలన్నిట్లో చూపు పైనున్న నౌక మీదికే పోతుంది. చెప్పుకోవలసిన కథలో సగం దాని కింద ఉంది.

షటిల్ దిగేటప్పుడు ఇంజన్ల సాయం ఉండదు. గ్లైడర్‌లా గాలిలో జారుకుంటూ వస్తుంది. తప్పిపోతే మళ్ళీ పైకి లేచి చుట్టు తిరిగి వచ్చే వీలు లేదు. అందుకని ఫ్లోరిడాలో మబ్బు పట్టినా, గాలి ఎక్కువగా ఉన్నా, కాలిఫోర్నియాలోని మొహావే ఎడారిలో ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో దించేవారు. అక్కడ ఎండిపోయిన సరస్సు మైళ్ళ తరబడి చదునుగా పరుచుకుని ఉంటుంది. మొత్తం మీద 54 సార్లు అక్కడే దిగింది. 1982లో ఒకసారి న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో దిగితే, అక్కడి జిప్సం దుమ్ము సందుసందునా దూరి, దాన్ని శుభ్రం చేయలేక తలప్రాణం తోకకొచ్చింది.

దిగడం సరే. మళ్ళీ ఎగరాలంటే దేశానికి ఆ కొసనున్న ఫ్లోరిడాకు చేరాలి. దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల దూరం. 37 మీటర్ల పొడవు, 24 మీటర్ల రెక్కలు, ఖాళీగా ఉన్నా 70 టన్నులకు పైబడ్డ బరువు. అంత దూరం ఏ రోడ్డు మీద తీసుకెళతారు? షటిల్‌కే జెట్ ఇంజన్లు తగిలించి ఎగరేద్దామని మొదట్లో అనుకున్నారు. బరువూ ఖర్చూ చూసి మానుకున్నారు. ఇక మోయించడమే మిగిలింది.

పోటీకి రెండు విమానాలు వచ్చాయి. ఒకటి సైనిక రవాణాకు వాడే సీ-5 గెలాక్సీ. రెండోది బోయింగ్ 747. గెలాక్సీ రెక్కలు ఒంటికి పైభాగాన ఉంటాయి, తోక మీద అడ్డపలక ఎత్తుగా ఉంటుంది, పైగా విమానం వైమానిక దళం సొత్తుగానే ఉండిపోతుంది. 747 అయితే నాసా సొంతానికి కొనుక్కోవచ్చు. కానీ విమానం నెత్తిన ఇంకో విమానాన్ని పెట్టుకుని ఎగరడమంటే పెద్దపెద్ద ఇంజనీర్లకే గుండెల్లో రాయి పడింది. హ్యూస్టన్ కేంద్రంలో జాన్ కైకర్ అనే ఇంజనీరు ఉండేవాడు. తీరిక దొరికితే రేడియోతో నడిపే బుల్లి విమానాలు చేసి ఎగరేయడం ఆయన సరదా. 747 నమూనా ఒకటి చేసి, దాని వీపున షటిల్ నమూనాను పెట్టి ఎగరేసి, ఇది అయ్యే పనేనని చూపించాడు. ఉద్యోగికి ఆఫీసు పని తప్ప వేరే ధ్యాస ఉండకూడదనే పై అధికారులు ఎక్కడైనా తగిలితే, వాళ్ళకు కైకర్ కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

1974లో నాసా అమెరికన్ ఎయిర్‌లైన్స్ దగ్గర ఒక పాత 747 కొన్నది. దాని రిజిస్ట్రేషన్‌లోని అంకెలను బట్టి అందరూ దాన్ని 905 అనేవారు. లోపల సీట్లన్నీ పీకేసి, ముందు భాగంలో మొదటి తరగతివి కొన్ని మాత్రం ఉంచారు. ఒళ్ళు గట్టిపరిచారు. వీపు మీది నౌక వల్ల చెదిరిన గాలిలో దారి తప్పకుండా తోక అడ్డపలకల కొసలకు రెండు నిలువు రేకులు బిగించారు. పైన మూడు ఊతలు అమర్చారు, ముందొకటి, వెనక రెండు. వాటిలో ఒకదాని మీద మెకానిక్కులు రాసిన హెచ్చరిక ఆ రంగంలో అందరికీ తెలిసిన హాస్యం: నౌకను ఇక్కడే తగిలించాలట, నల్లవైపు కిందికి ఉండేలా చూసుకోవాలట. నాసాలో చేరాక కూడా ఆ విమానం మీద పాత యజమాని ఎరుపు, తెలుపు, నీలం చారలు 1983 దాకా అలాగే ఉన్నాయి. తరువాత జపాన్ ఎయిర్‌లైన్స్ వాడిన ఇంకో 747 కూడా కొని 1990లో తోడు తెచ్చారు. అది 911.

బరువెత్తుకున్నాక ఈ విమానం మామూలు 747లా ఎగరలేదు. ఖాళీగా పది వేల కిలోమీటర్లు ఆగకుండా పోగలిగింది కాస్తా, నౌక వీపునెక్కితే సుమారు 1,850 కిలోమీటర్లకే ఇంధనం కోసం దిగాలి. 15,000 అడుగుల కంటే పైకి పోకూడదు, వేగం ధ్వనివేగంలో అరవై శాతం దాటకూడదు. ఒక్కో ప్రయాణానికి నౌకను సిద్ధం చేసి, ఎత్తి, బిగించడానికి 170 మంది వారం రోజులు పనిచేసేవారు.

అన్నిటికంటే విచిత్రమైన నియమం వానది. షటిల్ అడుగున అతికించిన సిలికా టైల్స్ భూమి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు 1,260 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకుంటాయి. ఆ టైల్ లోపల తొంభై శాతం పైగా గాలే. అందుకే అంత తేలిక, అంత పెళుసు. విమానం వేగానికి ఎదురొచ్చే వాన చినుకులు చాలు, వాటికి సొట్టలు పడటానికి. అందుకని దారిలో మబ్బులున్నాయేమో చూడటానికి ముందుగా ఇంకో విమానం పోయేది. అది బాగుందంటేనే వెనక ఈ జంట కదిలేది. నిప్పుల్లో నడిచి వచ్చిన నౌక చినుకులకు దడిసి దారి మళ్ళేదన్నమాట.

మోయడానికి ముందు 905 చేసిన అసలు ఘనకార్యం విడిచిపెట్టడం. 1977లో ఎంటర్‌ప్రైజ్ అనే పరీక్షా నౌకను ఎడ్వర్డ్స్ మీదుగా పైకి మోసుకెళ్ళి, గాలిలో ఊతలు విప్పి వదిలేశారు. ఎంటర్‌ప్రైజ్‌కు అంతరిక్షానికి పోయే శక్తి లేదు. గాలిలో జారుతూ దిగగలదా అని చూడటానికే కట్టారు. ఆగస్టు 12న మొదటిసారి విడిపోయినప్పుడు లోపల ఉన్నది ఫ్రెడ్ హేజ్, గోర్డన్ ఫుల్లర్టన్. అపోలో 13లో చంద్రుడి దాకా వెళ్ళి, కాలు పెట్టకుండా ప్రాణాలు దక్కించుకుని తిరిగొచ్చిన ముగ్గురిలో ఒకడే ఈ హేజ్. ఆ పేరు గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో మళ్ళీ వస్తుంది. అలా అయిదుసార్లు వదిలారు, అయిదుసార్లూ క్షేమంగా దిగింది. 747 ఆనాడు చేసిన పని లాంటిదే మన దేశంలో 2023 ఏప్రిల్ 2న ఒక చినూక్ హెలికాప్టర్ చేసింది. ఇస్రో వారి రెక్కల నౌక నమూనాను కర్ణాటకలోని చిత్రదుర్గం జిల్లాలో నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలితే, అది తనంతట తానే రన్‌వే వెతుక్కుని దిగింది. దానికి ముందు 2016లో ఆ పరంపరలోని తొలి నమూనా ఎగిరింది మన శ్రీహరికోట నుంచే.

ఎంటర్‌ప్రైజ్‌ను వీపున వేసుకుని 905 విదేశాలు కూడా తిరిగింది. 1983లో పారిస్ విమాన ప్రదర్శనకు వెళ్ళి, ఇంగ్లండ్, జర్మనీ, ఇటలీ కూడా చుట్టి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ ఫొటోలు బయటికి తీస్తుంటారు.

ఇక 2012కి వద్దాం. కొలంబియా కూలిపోయాక, 2004 జనవరిలోనే షటిళ్ళను సాగనంపాలని అధ్యక్షుడు బుష్ ప్రకటించాడని పదకొండో భాగంలో చెప్పుకున్నాం. ఏ నౌక ఏ ఊరి మ్యూజియానికి అనే పంచాయితీ 2011 ఏప్రిల్ 12న తేలింది. డిస్కవరీ వాషింగ్టన్ శివార్లలోని స్మిత్సోనియన్‌కు, ఎంటర్‌ప్రైజ్ న్యూయార్క్‌కు, ఎండీవర్ లాస్ ఏంజెలెస్‌కు. అట్లాంటిస్ ఫ్లోరిడాలోనే. షటిల్ నడిచినన్నాళ్ళూ ప్రతి ప్రయాణాన్నీ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని నడిపించిన హ్యూస్టన్‌కు మాత్రం ఏమీ దక్కలేదు. ఆ ఊరివాళ్ళ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

ఊళ్ళ మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరించాలన్న ఆలోచన ఎవరిదైనా, వాళ్ళకు దండం పెట్టాలి. ఏప్రిల్ 17న డిస్కవరీ వాషింగ్టన్ మీద చక్కర్లు కొట్టింది, పది రోజుల తరువాత ఎంటర్‌ప్రైజ్ న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహం పక్కగా పోయింది. ఆఫీసులు ఖాళీ చేసి జనం మేడల మీదికెక్కారు. మిగిలింది ఎండీవర్.

ఎండీవర్ చివరగా పుట్టిన షటిల్. 1986 జనవరి 28న ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకే ఏడుగురితో సహా నాశనమయ్యాక, దాని స్థానంలో కట్టారు. డిస్కవరీ, అట్లాంటిస్ కట్టేటప్పుడే ముందుచూపుతో చేసి ఉంచిన విడిభాగాలను జోడించారు. కెప్టెన్ కుక్ ఓడ పేరు పెట్టింది బడిపిల్లలు, దేశమంతటా జరిగిన పోటీలో. 1992 మేలో తొలి ప్రయాణంలోనే ముగ్గురు వ్యోమగాములు బయటికొచ్చి, దారి తప్పిన ఒక ఉపగ్రహాన్ని చేతులతో పట్టుకున్నారు. 1993 డిసెంబర్‌లో హబుల్ టెలిస్కోపుకు చూపు సరిచేసింది ఇదే. 1998లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మొదటి రెండు గదులను కలిపిందీ ఇదే. 25 ప్రయాణాలు, 299 రోజులు, 4,671 చుట్లు. అందులో ఏ ఒక్క చుట్టూ దానికి ఇంత దగ్గరి ప్రేక్షకులను ఇవ్వలేదు.

ఫ్లోరిడాలో సెప్టెంబర్ 17న బయలుదేరాలి. వాతావరణం అడ్డొచ్చి రెండు రోజులు ఆగి 19న కదిలింది. ఆ రోజు వినాయక చవితి. సన్నీవేల్‌లో మా ఇంట్లో ఉండ్రాళ్ళు తింటూ టీవీలో చూశాం. తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న మామగారు, రెండు రోజులు విఘ్నాలు తగిలి చవితి నాడు బయలుదేరిందంటే ఎవరో పెద్దవాళ్ళే ముహూర్తం పెట్టి ఉంటారని నవ్వారు. హ్యూస్టన్‌లో ఒక రాత్రి ఆగి, ఎల్ పాసోలో ఇంధనం పోసుకుని, 20వ తేదీన ఎడ్వర్డ్స్ చేరింది. మరునాడు పొద్దున్న కాలిఫోర్నియా అంతా తిప్పి లాస్ ఏంజెలెస్‌లో దించాలి. దారిలో శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన, ఆ తరువాత మా ఇంటికి కూతవేటు దూరంలోని మాఫెట్ ఫీల్డ్.

మాఫెట్ ఫీల్డ్‌లోనే నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం ఉంది. మామూలు రోజుల్లో గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ రోజు తెల్లవారుతూనే జనానికి తలుపులు తెరిచారు. మడత కుర్చీలు, చంటిపిల్లల బండ్లు, ట్రైపాడ్లు, ఫ్లాస్కులతో వేలాది మంది. తెలుగు మాటలు నాలుగు వైపులా వినిపిస్తున్నాయి. బడి ఎగ్గొట్టించి పిల్లల్ని తెచ్చినవాళ్ళు, ఆఫీసుకు ఒంట్లో బాగోలేదని చెప్పి వచ్చి అక్కడ తమ మేనేజర్‌నే ఎదురుగా చూసినవాళ్ళు. ఒక పక్కన హ్యాంగర్ వన్. 1930లలో గాలి ఓడ కోసం కట్టిన కొండంత షెడ్డు. పై రేకుల్లో విషపదార్థాలు ఉన్నాయని అప్పటికే తొక్క వలిచేశారు. ఉక్కు ఎముకల గూడు ఆకాశానికి ఆనుకుని నిలబడి ఉంది. ఫొటో తీసేవాళ్ళకు అంతకన్నా మంచి నేపథ్యం దొరకదు.

శాన్ ఫ్రాన్సిస్కో పొగమంచు సంగతి తెలిసిందే. వంతెన మీద మంచు విడవాలని ఎడ్వర్డ్స్‌లో బయలుదేరడాన్ని గంట వాయిదా వేశారని మైకులో చెప్పారు. ఆ గంట నాకు కలిసొచ్చింది. చుట్టూ ఉన్న భవనాలను మామగారికి చూపించే వ్యవధి దొరికింది. ఎండీవర్ తన జీవితంలో మాఫెట్ ఫీల్డ్‌కు వచ్చింది అదొక్కసారే. దాని పుట్టుకలో మాత్రం ఈ చోటికి పెద్ద వాటా ఉంది. షటిల్ ఆకారాన్ని గాలి సొరంగాల్లో పెట్టి పరీక్షించింది ఇక్కడ. మెరుపులాంటి విద్యుత్ చాపంతో వాయువును వేల డిగ్రీలకు వేడెక్కించి టైల్స్ మీదికి ఊదే యంత్రాలు ఇక్కడివే. ఆ టైల్స్ నల్లగా ఉండటానికి కారణమైన గాజు పూతను రూపొందించింది ఏమ్స్ శాస్త్రవేత్తలు. టైల్స్ తయారైంది పక్క ఊళ్ళో, అంటే మేముండే సన్నీవేల్‌లో, లాక్‌హీడ్ కార్ఖానాలో. షటిల్ దించడం ఎలాగో పైలట్లు సాధన చేసిన, పది అంతస్తుల భవనంలో పైకీ కిందికీ కదిలే సిమ్యులేటర్ కూడా ఈ ఆవరణలోనిదే. హర్యానా నుంచి వచ్చిన కల్పనా చావ్లా వ్యోమగామి కాకముందు, 1988 నుంచి ఈ ఆవరణలోనే గాలి ప్రవాహాల లెక్కలు కట్టింది. ఆమె పేరు వినగానే మామగారు కాసేపు మాట్లాడలేదు.

తరువాత ఆయనే అడిగారు, “అల్లుడుగారూ, స్కైలాబ్ పడ్డప్పుడు ఈ షటిల్ ఉందా?”

అడగవలసిన ప్రశ్నే. అమెరికా తొలి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1974 ఫిబ్రవరి నుంచి పైన ఖాళీగా తిరుగుతోంది. 1980లు వచ్చేదాకా పడదని మొదటి అంచనా. ఈలోగా సూర్యుడి చురుకుదనం పెరిగి, పై వాతావరణం ఉబ్బి, స్కైలాబ్‌ను కిందికి లాగింది. షటిల్‌లో ఒక చిన్న రాకెట్ యంత్రాన్ని తీసుకెళ్ళి, స్కైలాబ్‌కు తగిలించి, పైకి నెట్టాలని నాసా పథకం వేసింది. ఆ పనికి ఎంచుకున్న ఇద్దరిలో ఒకడు జాక్ లూస్మా, రెండోవాడు ఫ్రెడ్ హేజ్. 747 మీది నుంచి ఎంటర్‌ప్రైజ్‌ను దించిన ఆ హేజే.

కానీ షటిల్ సిద్ధం కాలేదు. ఒక కారణం ఇంజన్లు, ఇంకో కారణం ఆ టైల్సే. 1979 మార్చిలో కొలంబియాను 905 వీపున పెట్టి కాలిఫోర్నియా నుంచి తరలించబోతే, ముందుగా చేసిన పరీక్షలోనే టైల్స్ ఊడి రాలాయి. అతుకులు వేసుకుని చివరికి ఫ్లోరిడా చేరేసరికి వేల సంఖ్యలో టైల్స్ ఇంకా అతికించనే లేదు. అవన్నీ ఒక్కొక్కటిగా చేత్తో అతికించడానికి రెండేళ్ళు పట్టింది. 1979 జూలై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రం మీదా, పశ్చిమ ఆస్ట్రేలియా మీదా ముక్కలై రాలింది. కొలంబియా మొదటిసారి ఎగిరింది 1981 ఏప్రిల్ 12న. హేజ్ అప్పటికే నాసా వదిలి వెళ్ళిపోయాడు.

ఆ జూలైలో మామగారు గుంటూరు జిల్లాలో కొత్తగా చేరిన బడిపంతులు. నెత్తి మీద ఏ క్షణాన పడుతుందోనని ఊళ్ళో జనం అప్పులు చేసి మరీ పండగ చేసుకున్నారట. ఎలాగూ పోతామని పెరట్లో కోళ్ళన్నీ కోసుకు తిన్నారట. నేను చెప్పిందంతా విని ఆయన తాపీగా తేల్చారు, “అంటే ఇదేదో రెండేళ్ళు ముందొచ్చి ఉంటే మా ఊళ్ళో కోళ్ళు బతికిపోయేవన్నమాట.”

ముందు వరసలో ఎవరో అరిచారు. పదిన్నర దాటింది. ఉత్తరాన, అఖాతం మీద, మంచు విడిన చోట ఒక తెల్లటి గీత. లెన్సులోంచి చూస్తే గీతకు మూపురం ఉంది.

కెమెరా పట్టుకునేవాళ్ళ కోసం కొంచెం సాంకేతిక సంగతి. రన్‌వేకు పడమటి పక్కన నిలబడ్డవాళ్ళకు ఆ వేళ ఎండ ఎదురు. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే ఆకాశం వెలుగు చూసి బెదిరి, విమానాన్ని నల్లటి నీడబొమ్మగా తీస్తుంది. అందుకని లెక్క నా చేతిలోకి తీసుకుని, సెకనులో వెయ్యో వంతు షటర్ వేగం పెట్టి, ఆకాశం పాలిపోతే పోనీ అనుకుని, నౌక పక్కభాగం కనబడేలా వెలుగు పెంచాను. నాకు కావలసింది ఆకాశం కాదు, ఒంటి మీది పేరు. ఇంకో చిక్కు కూడా ఉంది. నేరుగా నెత్తి మీదికి వస్తే కనిపించేది 747 పొట్టే. దాని రెక్కలు అరవై మీటర్లు, నౌకవి అందులో సగం కూడా లేవు. నౌక కనబడాలంటే పక్కకు జరగాలి. దూరం పెరిగినా పక్క నుంచి తీసినవాళ్ళకే మంచి బొమ్మలు దక్కాయి.

వచ్చింది. సుమారు 1,500 అడుగుల ఎత్తు అన్నారు. నాకు అంతకన్నా కిందే ఉన్నట్టు అనిపించింది. నేననుకున్నంత చప్పుడు లేదు. ఏ విమానాశ్రయం దగ్గరైనా వినిపించే మామూలు 747 హోరే. దాని పక్కన ఒక ఎఫ్-18 యుద్ధ విమానం, అంత పెద్ద జంట పక్కన అది తూనీగంత ఉంది. వేగం ఎంత తక్కువంటే, అంత బరువు గాలిలో ఎలా నిలబడిందా అనిపించేటంత. నౌక వెనక భాగానికి గాలి సుళ్ళు తిరగకుండా తెల్లటి తోకటోపీ తొడిగారు. దాని కింద నిజమైన ఇంజన్లు లేవని, ముందే పీకి దాచారని తెలుసు. అవి తరువాతి రాకెట్లకు పనికొస్తాయి. 2022లో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన ఆర్టెమిస్ 1 ఎగిరింది అలా షటిళ్ళ నుంచి మిగిలిన ఇంజన్లతోనే.

లెన్సులో నాకు బాగా కనిపించింది మురికి. టీవీలో షటిల్ ఎప్పుడూ కడిగిన ముత్యంలా ఉంటుంది. ఇక్కడ ముక్కు చుట్టూ పొగ పట్టినట్టు బూడిద రంగు, టైల్స్ అతుకుల వెంట కాలిన చారలు, తెలుపన్నది పాతబడిన దుప్పటి తెలుపు. 25 సార్లు వాతావరణంలో కాలి వచ్చిన గుర్తులవి. కిందనున్న విమానం మాత్రం తళతళలాడుతోంది.

మామగారి దగ్గర కెమెరా లేదు. రెండు చేతులూ తెలియకుండానే పైకి లేచాయి. “వాహన సేవలా ఉందండీ,” అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ సరైనదిగా తోస్తుంది. మూలవిరాట్టు గర్భగుడి దాటడు. గుడి దాకా రాలేనివాళ్ళ కోసమే ఉత్సవమూర్తి గరుడుడి మీదో గజం మీదో వీధుల్లోకి వస్తాడు. షటిల్ ఎగిరినన్నాళ్ళూ కంచెల అవతల, తీరం అవతల, ఆకాశం అవతలే ఉంది. మోసేవాడొకడు దొరికాకే వీధిలోకి వచ్చింది. నా ఫొటోల్లో నాకు ఇష్టమైనవి కూడా నౌక ఒక్కటే ఉన్నవి కావు. హ్యాంగర్ వన్ అస్థిపంజరానికి ఒక పక్క నుంచి విమానం ముక్కు, కింది అంచున వరసగా లేచిన చేతులు. అప్పటికి ఫోన్ల కెమెరాలు అందరి చేతుల్లోకి వచ్చేశాయి, కొందరు పలకలంత టాబ్లెట్లు పైకెత్తారు. సగం మంది ఆ దృశ్యాన్ని తెర మీదే చూసి ఉంటారని నాకు అనుమానం. లెన్సులోంచి చూసిన నేను వాళ్ళను ఆక్షేపించడానికి తగను.

నిమిషం కూడా పట్టలేదు. దక్షిణంగా సాగిపోయింది. చప్పట్లు దాని వెనకాలే కాసేపు సాగి ఆగాయి. ఏమ్స్‌లో పనిచేసి రిటైరైన ముసలివాళ్ళు కొందరు పాత ప్రయాణాల గుర్తుల టోపీలు పెట్టుకుని ఒక చోట గుంపుగా నిలబడ్డారు. చాలాసేపటిదాకా వాళ్ళు కదల్లేదు.

ఎండీవర్ ఆ మధ్యాహ్నం గ్రిఫిత్ అబ్జర్వేటరీ, హాలీవుడ్ అక్షరాల మీదుగా తిరిగి, ఒంటిగంటకు కాస్త ముందు లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో దిగింది. షటిల్‌ను మోసుకుంటూ 747 దిగడం అదే ఆఖరు. అక్కడి నుంచి మ్యూజియం పన్నెండు మైళ్ళు. నౌకను చక్రాల బండ్ల మీద ఊరి నడిమధ్యగా తీసుకెళ్ళారు. అక్టోబర్ 12న మొదలుపెడితే 14కి చేరింది. రెక్కలకు దారివ్వడానికి సుమారు నాలుగు వందల చెట్లు కొట్టేశారు. ఆ వీధులవాళ్ళు గొడవ చేస్తే అంతకు రెట్టింపు పైగా నాటుతామని మాటిచ్చారు. 2024 జనవరిలో దాన్ని అక్కడే ఇంధన ట్యాంకుతో, పక్క రాకెట్లతో జోడించి, ఎగరబోతున్న భంగిమలో నిలువుగా నిలబెట్టారు.

మోసినవాళ్ళ మాటేమిటి? 911 2012 ఫిబ్రవరిలోనే చివరిసారి ఎగిరింది. ఇప్పుడది షటిళ్ళు పుట్టిన పామ్‌డేల్‌లో ఆరుబయట నిలబడి ఉంది. 905 పనులన్నీ ముగించుకుని హ్యూస్టన్ చేరింది. నౌక దక్కలేదని అలిగిన ఆ ఊరికి నౌకను మోసిన విమానం దక్కింది. 2014లో దాని వీపున అసలు పరిమాణంలో ఒక షటిల్ నమూనాను ఎక్కించి నిలబెట్టారు. మిగతా నాలుగు ఊళ్ళలో అసలు నౌకల లోపలికి ఎవరినీ పోనివ్వరు. హ్యూస్టన్‌లో మాత్రం టికెట్ కొంటే కింది విమానంలోకీ, పైనున్న నమూనాలోకీ మెట్లెక్కి నడిచి వెళ్ళొచ్చు.

సోవియట్లు కూడా సరిగ్గా ఇదే పని చేశారు, ఇంతకంటే పెద్ద విమానంతో. ఆరు ఇంజన్ల ఆంటొనోవ్ 225 తన వీపున బురాన్ నౌకను మోసుకుని 1989లో పారిస్‌కు ఎందుకు వెళ్ళింది, ఆ రెండూ చివరికి ఏమయ్యాయి అన్నది వచ్చే భాగంలో.